కరెంటు కారు కౌలు బేరం

మా నాన్నగారికి కాలువ కింద నాలుగెకరాల మాగాణి ఉండేది. ఆయన బడిపంతులు. స్వంతాన సేద్యం సాగక పొలం ఏటా కౌలుకిచ్చేవారు. ఉగాది వెళ్లిన తరువాత ఒకనాటి సాయంత్రం కౌలుదారు వచ్చి మా వీధి అరుగు చివర కూర్చునేవాడు. “పంతులుగారూ, సంక్రాంతికి కొంత, వేసంగిలో కొంత, మీకు ఇబ్బంది లేకుండా ఇచ్చుకుంటానండి” అని మొదలుపెట్టేవాడు. నాన్నగారు పడక కుర్చీలోంచే చేయి అడ్డం పెట్టి, “ఎప్పుడెప్పుడు ఇస్తావన్నది తరువాతి సంగతి. ఎకరానికి ఎన్ని బస్తాలో ముందు తేల్చు” అనేవారు.

ఆ మాటలోని కిటుకు నాకు చాలా కాలం తెలియలేదు. తెలిసింది ఎక్కడనుకున్నారు? మా ఊరి అరుగు మీద కాదు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి చేరువగా ఉన్న ఒక కార్ల దుకాణంలో!

2025 వేసవి సెలవులకు నేను మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడు అక్కడ కంప్యూటరు ఉద్యోగి. పాత కారు మూలపడింది. కరెంటు కారు తీసుకోవాలని భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు.

“కొంటున్నావా?” అన్నాను.

“కొనటం కాదన్నయ్యా, లీజు. మూడేళ్లు వాడుకుని తిరిగి ఇచ్చేస్తాను.”

లీజు అంటే మన కౌలే. కౌలు అన్న మాట అరబ్బీ నుంచి పారశీకం మీదుగా మనకు వచ్చింది. అక్కడ దానికి ‘మాట’ అనీ, ‘వాగ్దానం’ అనీ అర్థం. మాట ఇచ్చి పుచ్చుకోవటమే కౌలు. పొలమైనా కారైనా వస్తువు మనది కాదు. దాని వాడకం మాత్రం గడువు దాకా మనది.

కరెంటు కారును కొనకుండా కౌలుకు తీసుకోవటం ఎందుకంటారా? ఈ కార్లలో విద్య ఏటికేడాది మారిపోతున్నది. ఇవాళ ఒకసారి చార్జి చేస్తే ఎంతో దూరం పోయే బండి గొప్పది. మూడేళ్లు పోయేసరికి అంతకంటె దూరం, అంతకంటె చౌకగా పోయే బండి వచ్చి పక్కన నిలబడుతుంది. అప్పుడు పాతదానిని అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. కౌలులో ఆ నష్టభయం కారు యజమాని అయిన ఫైనాన్సు సంస్థది. అందుకని ఈ కార్లకు కౌలు అచ్చివచ్చిన పద్ధతే. అయితే కౌలు మంచిదే కాని, బేరం తెలియనివాడికి మాత్రం కాదు.

నెలకెంత ఇవ్వగలరు?

దుకాణంలో అడుగు పెట్టగానే ఒక యువకుడు చిరునవ్వుతో ఎదురు వచ్చాడు. మంచినీళ్ల సీసాలు ఇచ్చాడు. కారెక్కించి ఊరు తిప్పాడు. చప్పుడు లేదు, కుదుపు లేదు. నీటి మీద పడవలాగా పోయింది. మా మరదలి మొహం చూస్తే బేరం అక్కడే సగం ముగిసిందని నాకు అనుమానం కలిగింది.

తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చున్నాక ఆ యువకుడు వేసిన మొదటి ప్రశ్న: “నెలకు ఎంత ఇవ్వగలరనుకుంటున్నారు?”

“500 డాలర్లు” అన్నాడు మా వాడు.

అతడు లోపలికి వెళ్లి పావుగంటలో ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. నెలకు 498 డాలర్లు, 36 నెలలు. సంతకం నాడు 2,000 డాలర్లు. “మా మేనేజరును ఎంతో బతిమాలాను. ప్రభుత్వపు రాయితీ 7,500 కూడా మీకే కలిపాము” అన్నాడు. అడిగినదానికన్నా రెండు డాలర్లు తక్కువే! తమ్ముడు కలం తీశాడు.

అప్పుడు నాకు మా కౌలుదారు జ్ఞాపకం వచ్చాడు. దఫాల సంగతి ముందు మాట్లాడేవాడు ఎకరానికి ఎన్ని బస్తాలో దాస్తున్నాడన్నమాట. “ఒరే, ఈ కారు ధర ఎంతకు కుదిరింది?” అని తెలుగులో అడిగాను. మా వాడు తెల్లబోయాడు. ధర సంగతి ఎవరూ ఎత్తనే లేదు. రేపు వస్తామని చెప్పి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటపడ్డాము.

మూడంకెల లెక్క

ఆ రాత్రి భోజనాల బల్ల మీద లెక్క వేశాము. నేను తెలుగు పాఠం చెప్పేవాడిని. లెక్కలంటే నాకు భక్తి కన్నా భయమే ఎక్కువ. అయినా ఇందులో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం దాటి ఏమీ లేవు. పాఠకులకు సులువుగా ఉండటానికి అంకెలు కాస్త గుండ్రం చేసి చెబుతాను. పన్నులు, ఫీజులు ప్రస్తుతానికి పక్కన పెడదాం.

కౌలు వాయిదా మూడు అంకెల మీద నిలబడుతుంది. మొదటిది కారుకు మనం ఒప్పుకున్న ధర. ఈ కారుకు కంపెనీ అతికించిన ధర 48,000 డాలర్లు. రెండవది గడువు తీరేనాటికి కారుకు మిగిలే విలువ. దీనిని రెసిడ్యువల్ వాల్యూ అంటారు. మూడేళ్లకు నూటికి 55 వంతులన్నారు, అంటే 26,400 డాలర్లు. మూడవది వడ్డీ. దీనికి మనీ ఫ్యాక్టర్ అనే ముసుగు పేరు పెట్టారు. 0.00250 అని రాస్తారు. చూస్తే చీమ తలకాయంత ఉంటుంది. దానిని 2,400 చేత గుణిస్తే అసలు రూపం బయటపడుతుంది: నూటికి ఆరు వడ్డీ!

ఇక లెక్క. ధరలోంచి మిగులు విలువ తీసివేసి నెలలతో భాగిస్తే అరుగుదల ఖర్చు వస్తుంది. ధరను, మిగులు విలువను కలిపి మనీ ఫ్యాక్టరుతో గుణిస్తే నెల వడ్డీ వస్తుంది. ఈ రెండూ కలిస్తే వాయిదా.

దుకాణంవాడి కాగితాన్ని ఈ లెక్కలో పెట్టి చూశాము. 48,000లోంచి ప్రభుత్వపు 7,500, మా వాడు ఇవ్వవలసిన 2,000 తీసివేస్తే 38,500. అందులోంచి 26,400 పోతే 12,100; నెలకు 336 డాలర్ల 11 సెంట్లు. వడ్డీ 162 డాలర్ల 25 సెంట్లు. మొత్తం 498 డాలర్ల 36 సెంట్లు. సరిగ్గా కాగితంలో ఉన్న అంకె!

అంటే ఏమన్నమాట? దుకాణంవాడు తన ధరలో ఒక్క డాలరు కూడా తగ్గించలేదు. తగ్గినదల్లా ప్రభుత్వం సొమ్ము, మా తమ్ముడి సొమ్ము. “మేనేజరును బతిమాలింది” ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

ముందుగా కట్టే సొమ్ము గురించి ఇంకొక్క మాట. దానివల్ల వాయిదా తగ్గినట్టు కనిపిస్తుంది గాని, అది మన డబ్బును ముందే ఇచ్చివేయటం తప్ప మరొకటి కాదు. పైగా కారు తీసుకున్న వారానికే ప్రమాదంలో నుజ్జయిందనుకోండి. భీమా సొమ్ము ఫైనాన్సు సంస్థకు పోతుంది. మనం ముందు కట్టిన రెండు వేలు సాధారణంగా తిరిగి రావు.

వడ్డీ రేటు కాగితం మీద చెప్పకపోయినా కనుక్కోవచ్చును. అమెరికాలో 1976 నాటి వినియోగదారుల లీజు చట్టం ఒకటి ఉన్నది. దాని కింద వచ్చిన నియమావళి ప్రకారం సాధారణపు కౌళ్లలో ఒప్పుకున్న విలువ, మిగులు విలువ, మొత్తం వడ్డీ భారం, వాయిదా ఎట్లా తేలిందో వరుసగా చూపాలి. రేటు చూపమని మాత్రం ఆ నియమం అనదు. మా కాగితంలో వడ్డీ భారం 5,841 డాలర్లని ఉన్నది. దానిని 36తో భాగించి, వచ్చినదానిని మళ్లీ 64,900తో భాగించాము. అదే 0.00250. ఆ 64,900 ఎక్కడిదంటే, 38,500కు 26,400 కలిపితే వచ్చినది.

మూడంకెలలో మిగులు విలువ ఫైనాన్సు సంస్థ నిర్ణయిస్తుంది. దాని మీద బేరం సాగదు. ధర మీద సాగుతుంది. వడ్డీ మీద కూడా సాగుతుంది. ఎందుకంటే ఫైనాన్సు సంస్థ చెప్పిన రేటు మీద దుకాణంవాడు తన లాభం కొంత వేసుకోవటం అక్కడ మామూలే.

సర్కారువారి ఏడున్నర వేలు

ఆ 7,500 డాలర్ల కథ తెలుసుకోదగినది. 2022లో వచ్చిన చట్టం ప్రకారం కరెంటు కారు కొనుక్కునేవారికి ఆ రాయితీ దొరకాలంటే ఎన్నో అడ్డంకులు: వారి ఆదాయం పరిమితికి లోబడాలి, కారు ఉత్తర అమెరికాలోనే తయారు కావాలి, ఇంకా ఎన్నో. కౌలు కారుకు ఈ అడ్డంకులు లేవు. దానికి యజమాని ఫైనాన్సు సంస్థ గనుక అది వ్యాపారపు బండి కింద జమ అయింది. రాయితీ ఆ సంస్థకు చేరేది. దానిని కౌలుదారుకు ఇవ్వాలనే నిర్బంధం మాత్రం లేదు. ఇచ్చినవారు ఇచ్చారు, కొంత ఉంచుకున్నవారు ఉంచుకున్నారు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా!

మేము బేరమాడిన జూన్ నెలలో ఆ రాయితీ ఇంకా ఉన్నది. 2025 జూలై 4న సంతకమైన కొత్త చట్టం సెప్టెంబరు 30తో దానికి స్వస్తి చెప్పింది. కాబట్టి ఇప్పుడు బేరానికి పోయేవారు ఆ సొమ్ము మీద ఆశ పెట్టుకోకూడదు. కార్ల కంపెనీలు స్వయంగా ఇచ్చే తగ్గింపులు అప్పుడప్పుడు ఉంటవి. వాటినైనా విడిగా రాయించుకోవాలి. కంపెనీ ఇచ్చేది వేరు, దుకాణంవాడు తగ్గించేది వేరు. రెండూ ఒకే మూటలో కడితే ఎవరు ఇచ్చిందీ తెలియదు, ఎవరు ఇవ్వనిదీ తెలియదు.

నాలుగు దుకాణాలు, ఒకటే ఉత్తరం

మర్నాడు తమ్ముడు నాలుగు దుకాణాలకు ఒకే ఉత్తరం పంపాడు. అందులో మంచినీళ్లూ లేవు, చిరునవ్వులూ లేవు. “ఫలానా కారు, 36 నెలలు, ఏటా 15,000 మైళ్లు, ముందు సొమ్ము సున్న. రాయితీలు కలపకముందు మీ ధర ఎంత? మిగులు విలువ ఎంత? మనీ ఫ్యాక్టరు ఎంత? ఫీజులు ఒక్కొక్కటి ఎంత? ఈ నాలుగింటికి జవాబు రాయండి.” అంతే.

ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు “దుకాణానికి రండి, మాట్లాడుకుందాం” అన్నారు. ఆ ఆహ్వానానికి అర్థం మాకు అప్పటికి తెలిసిపోయింది. మిగిలిన ఇద్దరూ అంకెలు రాశారు. వారిలో ఒకరి కాగితం చూపి మరొకరిని అడిగి, నాలుగు రోజులలో ధరలో 3,000 డాలర్లు తగ్గించారు. మనీ ఫ్యాక్టరు 0.00200కి దిగింది, అంటే నూటికి 4.8 వడ్డీ.

కొత్త లెక్క ఇది. 48,000లోంచి 3,000, ప్రభుత్వపు 7,500 తీసివేస్తే 37,500. అరుగుదల నెలకు 308 డాలర్ల 33 సెంట్లు, వడ్డీ 127 డాలర్ల 80 సెంట్లు. వాయిదా 436 డాలర్ల 13 సెంట్లు. ముందు సొమ్ము లేనే లేదు.

మొదటి కాగితం మీద సంతకం చేసి ఉంటే మూడేళ్లలో 19,941 డాలర్లు అయ్యేది. ఇప్పుడు 15,701. తేడా 4,240 డాలర్లు. నాలుగు రోజుల ఓపికకు ఇంత కూలి నా ఉద్యోగంలో నేనెన్నడూ ఎరుగను.

మొదటి దుకాణం యువకుడు మళ్లీ ఫోన్ చేశాడు. సంగతి విని, “ఆ ధరకు మేమూ ఇచ్చేవాళ్లమే!” అని నొచ్చుకున్నాడు. ఇచ్చేవాడే కావచ్చు. అతనిని తప్పు పట్టను. నెలకెంత అని అతడు అడిగాడు, మా వాడు చెప్పాడు. ధర ఎంత అని మేము అడగలేదు, అతడు చెప్పలేదు.

పైకి కనబడని ఖర్చులు

ఉత్తరంలో ఏటా 15,000 మైళ్లని ఎందుకు రాశామో చెబుతాను. గోడల మీది చౌక ప్రకటనలు చాలావరకు 10,000 మైళ్లవే. తమ్ముడి ఆఫీసు 25 మైళ్లు. రానూ పోనూ 50. ఏడాదికి 240 రోజులనుకుంటే అక్కడికే 12,000. గుడికీ, సరుకులకూ, స్నేహితుల ఇళ్లకూ మరో పదిహేను వందలు. పరిమితి దాటితే మైలుకు 25 సెంట్లు అని ఒప్పందంలో ఉన్నది. పది వేల కౌలు పుచ్చుకుని ఉంటే మూడేళ్లలో 10,500 మైళ్లు దాటి, చివరకు 2,625 డాలర్లు చదివించుకోవలసి వచ్చేది.

పన్ను సంగతి రాష్ట్రానికొక తీరు. చాలా రాష్ట్రాలు నెలసరి వాయిదా మీద పన్ను వేస్తే, టెక్సాస్ కారు ధర మీదనే నూటికి 6.25 వేస్తుంది. ఫైనాన్సు సంస్థ ఆ భారం సాధారణంగా కౌలుదారు నెత్తినే పెడుతుంది. కరెంటు కారు పెట్రోలు పన్ను ఎగవేస్తున్నదని 2023 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రం ఏటా 200 డాలర్ల ప్రత్యేక రుసుము కూడా పెట్టింది. కౌలు మొదట్లో ఒక ఫీజు, కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఒక ఫీజు ఉంటవి. అద్దె ఇంట్లో ఉండేవారు చార్జింగు తీగ వేయించుకోవటానికి ఇంటి యజమాని ఒప్పుకుంటాడో లేదో కారు చూడక మునుపే కనుక్కోవాలి. ఇవన్నీ ముందు తెలిస్తే ఖర్చులు, తరువాత తెలిస్తే దుఃఖాలు.

అరుగు లేని ఆసామి

ధర కుదిరింది. అయినా ఒక రాత్రి మా తమ్ముడు నిద్రపోలేదు. దానికి కారణం డబ్బు కాదు, వీసా.

వాడు అక్కడ ఉన్నది హెచ్1బి మీద. ఆ అనుమతి ఒక్కసారికి మూడేళ్లకు మించి ఇవ్వరు. వాడి ప్రస్తుత గడువు 2027తో సరి. కారు కౌలు 2028 దాకా. మధ్యలో ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవటానికి దొరికేది 60 రోజులకు మించదు. “అన్నయ్యా, నేను దేశం విడిచి రావలసి వస్తే కారు గతి ఏమిటి?” అన్నాడు.

కారు తిరిగి ఇస్తానంటే అక్కడ ఊరుకోరు. మిగిలిన బాకీ ఎంతో, కారుకు ఆ రోజున పలికే వెల ఎంతో చూసి తేడా కట్టమంటారు. అది వేలలోకి పోవచ్చును. కరెంటు కారు ధర త్వరగా పడిపోతుంది గనుక తేడా మరీ ఎక్కువ. నష్టభయం ఫైనాన్సు సంస్థదని మొదట చెప్పానే, అది గడువు దాకా ఉన్నవాడికే. మధ్యలో లేచిపోయేవాడికి ఆ రక్షణ లేదు.

ఒక ఏడు తుఫాను వచ్చి చేలన్నీ మునిగాయి. మా కౌలుదారు వచ్చి అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నాన్నగారు ఏమీ అనలేదు. ఆ ఏడు కౌలు సగం వదిలేశారు. ఫైనాన్సు సంస్థకు అరుగు ఉండదు. తల వంచుకుని కూర్చోవటానికి చోటు ఉండదు. అందుచేత తుఫాను సంగతి సంతకానికి ముందే మాట్లాడుకోవాలి.

ఒప్పందం మళ్లీ చదివాము. మరొక కంపెనీ కారు నెలకు 12 డాలర్లు తక్కువకే వస్తున్నది, కాని ఆ సంస్థ కౌలును మరొకరికి బదలాయించటానికి ఒప్పుకోదు. మేము బేరమాడిన కారు సంస్థ ఒప్పుకుంటుంది. బదలాయించిన తరువాత కూడా బాధ్యత మొదటివాడి మీదే ఉంచే సంస్థలు కొన్ని ఉన్నవి. ఇక్కడ అట్లా లేదని రాతలో పెట్టించుకున్నాడు. 12 డాలర్ల చొప్పున 36 నెలలకు 432 డాలర్లు. “ఆ డబ్బుతో నిద్ర కొనుక్కున్నాను” అన్నాడు మా వాడు. మొత్తం బేరంలో నాకు నచ్చిన కొనుగోలు అదొక్కటే.

గడువు చివర కారు కొనుక్కునే హక్కు ఉన్నదా లేదా అన్నది కూడా చూడాలి. దీనికి చరిత్రలో ఒక కథ ఉన్నది. జనరల్ మోటార్స్ కంపెనీ 1996లో ఇవి1 అనే కరెంటు కారును కాలిఫోర్నియా, అరిజోనాలలో విడుదల చేసింది. తయారైనవి 1,117. వాటిని ఎవరికీ అమ్మలేదు, కౌలుకే ఇచ్చింది. చివర కొనుక్కునే హక్కు ఒప్పందంలో లేదు. తరువాత కంపెనీ ఆ పథకాన్ని మానుకుని కార్లన్నీ వెనక్కు పుచ్చుకున్నది. మేము కొంటాము, ఇమ్మని కౌలుదారులు ఎంత మొరపెట్టుకున్నా వినలేదు. కొన్నింటిని మ్యూజియాలకు, విద్యాలయాలకు ఇచ్చి, చాలావాటిని తుక్కు కింద నలగ్గొట్టించింది. న్యాయం మాట ఎట్లా ఉన్నా, కాగితం కంపెనీ పక్షానే ఉన్నది.

సంతకం నాడు తమ్ముడు నన్ను కూడా తీసుకుపోయాడు. కాగితాలు ఒక్కొక్కటే చదివి, మూడంకెలూ సరిచూసి, బదలాయింపు షరతు దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివి, అప్పుడు కలం తీశాడు. తిరిగి వస్తూ కారులో, “ఈ విద్య నీకెట్లా తెలిసిందన్నయ్యా?” అన్నాడు.

“నువ్వు పుట్టేటప్పటికి మన పొలం అమ్మేశారు. లేకపోతే నీకూ తెలిసేదే” అన్నాను.